నారికి చుట్టిన వెంట్రుకలు

చేత్తో చెక్కుకున్న విల్లు ఆ రాత్రీ టంగుమంది. అడవిపంది బాణానికన్నా ముందే పారిపోయింది. గుడియాత్తం కొండల కింద వేరుశెనగ చేను సగం పోయింది. మిగతాదీ పోతే రంగరాజులుకు, కూతురు అలమేలుకు ఆ ఏడు తిండి లేదు.

ఇంటికొచ్చి, నారి మోగకుండా రెండు కొసలా వెంట్రుకలు చుట్టాడు. గోడ సందులో ఉండచుట్టి దాచినవి, చనిపోయిన భార్యవి. మీటితే చప్పుడు లేదు. ఆమె చెయ్యేసినట్టు ప్రాణం కుదుటపడింది.

"అమ్మ వెంట్రుకలు పోయినేడే పిన్నీసులోడికి ఇచ్చేస్తి గదప్పా," అంది అలమేలు.

"అయితే నీవేమోమ్మా."

"తిరుత్తణిలో నాకు గుండు కొట్టించి నెల గాలేదే."

వెంట్రుకలు తడిమాడు. నూనె ఇంకా ఆరలేదు.

ఇంటి వెనక చేలో కాయలు నమిలే చప్పుడు మొదలైంది. విల్లు చేతిలోనే ఉంది. కూతుర్ని ఆ ఇంట్లో ఒంటరిగా వదిలి గడప దాటలేకపోయాడు.