అద్దె దుర్భిణి

మా మిన్స్క్ నాటకశాలలో దుర్భిణి అద్దెకు తీసుకున్నవాళ్లు, లోపలికి వెళ్లేటప్పుడు కోట్ల గదిలో ఇచ్చిన కోటును వరుసలో నిలబడకుండా తిరిగి తీసుకోవచ్చు. మా ఆయన కస్తూసు దుర్భిణి తీసుకునేది అందుకే. దాంతో వేదికను చూసిన పాపాన పోలేదు. పైగా చివరి సీను నడుస్తుండగానే నన్ను బయటికి లాక్కుపోతాడు.

ఆ రోజు తెర లేవగానే గుర్రు పెట్టాడు. చప్పట్లకు ఉలిక్కిపడి లేచాడు.

"అయ్యో, ఆలస్యమైపోయింది! లే, పద!"

తీరా చూస్తే కోట్ల గది దగ్గర వరుసలో ఒక్కరూ లేరు. దుర్భిణి బల్ల మీద పెట్టి కోటు అందుకున్నాడు.

"చూశావా? జనమంతా లోపలే. తెలివంటే ఇదీ!"

కోట్లు చూసుకునే అల్బీనా ఏదో చెప్పబోయింది. నేను కళ్లతోనే వద్దన్నాను.

ఆయన బూట్లు మార్చుకుని, మఫ్లర్ చుట్టుకుని, గుండీలన్నీ పెట్టుకునేసరికి పావుగంట పట్టింది.

"నా గ్లవ్ లోపల పడిపోయింది. నువ్వెళ్లి ట్రామ్‌లో నాకు సీటు ఆపు," అన్నాను.

"నీతో ఎప్పుడూ ఇదే గోల!"

అంతలో గంట మోగింది.

"అదేం గంట?"

"ట్రామ్ వచ్చేసింది! పరిగెత్తు!"

మంచులో జారుకుంటూ పరిగెత్తాడు.

అల్బీనా దుర్భిణి తిరిగి నా చేతిలో పెట్టింది. "నువ్వూ పరిగెత్తమ్మా. ఇంటర్వెల్ అయిపోయింది!"

ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి, నాటకం చివర ఎవరు చచ్చారో కళ్లారా చూశాను. అదీ దుర్భిణిలోంచి.