శేఖర్ ఎడమ చెవి

విసిరిన డ్రమ్ము కర్ర నేరుగా వచ్చి షుజాత్ కనుబొమ్మను చీల్చింది. రక్తం ముక్కు దాకా కారిన తర్వాత గానీ అతను గిటారు ఆపలేదు.

"అరె శేఖర్ భాయ్, దెబ్బ గూడ తాళంలోనే పడ్డది," అన్నాడు రుమాలుతో ఒత్తుకుంటూ.

"తల జర ముందలికి పెట్టు. ఇంకోటి గూడ తాళంలోనే ఏస్త," అన్నాడు శేఖర్, డ్రమ్ముల వెనక నుంచి.

శంషాబాద్‌లో హైవే పక్కనున్న ఫంక్షన్ హాలు అది. సాయంత్రం ఆరింటికి అక్కడ కొత్త ఆల్బం విడుదల. 'శిగం' బ్యాండు పదిహేడేళ్ళ తర్వాత మళ్ళీ కలిసిందని జల్‌పల్లి నుంచి కందుకూరు దాకా గోడలన్నీ పోస్టర్లే. డప్పు దరువుకి కరెంటు గిటారు ఊళ కలిపి, రంగుల లైట్లూ పొగా దట్టించి జనాన్ని ఊపేసిన బ్యాండు అది. బోనాల నాడు ఒంటి మీదికి అమ్మవారొచ్చి శిగమూగినట్టు కుర్రకారు జుట్టు విరబోసుకుని ఊగేవాళ్ళు. వీళ్ళ పాట చెవిన పడి పైలట్లు దిగడం మరిచి హిమాయత్ సాగర్ మీద మూడేసి చుట్లు తిరిగేవారని చెప్పుకుంటారు. విమానాశ్రయం తెరిచిన ఏడే బ్యాండు మూతపడింది కదా, ఆ విమానాలెక్కడివని మాత్రం అడగకూడదు.

మూతపడింది శేఖర్ ఎడమ చెవి వల్ల. ఆఖరి కచేరీ, ఆఖరి పాట. పొగలో ఎవరికీ ఎవరూ ఆనడం లేదు. ఒళ్ళు తెలియకుండా వాయిస్తున్న శేఖర్ తల మీద వెనక నుంచి ఇనప స్టాండు దిగి ఎడమ చెవి వినబడకుండా పోయింది. పొగ పలచబడేసరికి ఆ స్టాండు షుజాత్ చేతిలో ఉంది. "నేనే కొట్టిన," అన్నాడు పోలీసులతో. ఎనిమిది నెలల తర్వాత షుజాత్ జైలు నుంచి బయటికొచ్చాడు. పోయిన చెవి మాత్రం శేఖర్‌కి ఇంకా రాలేదు.

"ఎందుకు కొట్టినవ్‌రా?" అన్నాడు శేఖర్. రిహార్సళ్ళు మొదలైన నెల రోజుల్లో ఇది నలభయ్యోసారి.

"కోపమొచ్చింది. కొట్టిన. ఖతం."

"దేని మీద కోపం?"

"యాద్ లేదు భాయ్."

"యాదికి తెస్త. ఆగు."

ఆల్బం పెట్టుబడిదారు నవీన్‌కుమార్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, దండం పెడ్త. జనం గేటు కాడికి వచ్చిండ్రు. మీరు సచ్చుడో సంపుడో పాటలైనంక పెట్టుకోండ్రి!"

"గట్లనే. పాటలైనంకనే," అని నవ్వాడు శేఖర్.

పదహారేళ్ళు ఎవరు బతిమాలినా ఒప్పుకోని మనిషి ఈ ఏడు ఒప్పుకున్నది అందుకే. అదే పాట, అదే పొగ, అదే ఇనప స్టాండు. అప్పుడు తనని ఎంతమంది ముందు పడగొట్టాడో అంతమంది ముందు షుజాత్‌ని పడగొట్టాలి. ఆల్బం అమ్ముడుపోయినా సరే, పోకపోయినా సరే.

మళ్ళీ ఎత్తుకున్నారు. శేఖర్ భార్య సరిత ఆ బ్యాండు గొంతు. రెండో చరణం అందుకోవడంలో ఒక్క క్షణం వెనకబడింది. శేఖర్ లేచి వెళ్ళి చెంప మీద ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లింది.

"తప్పినవ్."

సరిత కొంగుతో పెదవి తుడుచుకుని మళ్ళీ మైకు ముందు నిలబడింది. తాళం తప్పితే శేఖర్ చెయ్యి ఊరుకోదు. అప్పటి ఆఖరి కచేరీకి ముందు కూడా తెర వెనక ఆమెకి రెండు తగిలించాడు. తన కొట్టుడంతా శిక్షణ కిందికే వస్తుందని అతని నమ్మకం. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైన రోజు కూడా శిక్షణే.

"భాయ్, ఆమె మీద చెయ్యెత్తకు," అన్నాడు షుజాత్. గిటారు పక్కన పెట్టాడు. "నన్ను కొట్టు."

"తొందరెందుకు? నీ వంతు సాయంత్రమున్నది."

సాయంత్రం హాలు కిక్కిరిసింది. మొదటి పాటకే కుర్చీలు విరిగాయి. మూడో పాటకి ఇద్దరు చొక్కాలు చించుకుని కొట్టుకున్నారు, ఎందుకో వాళ్ళకే తెలియదు. పైన విమానం పోతే చప్పుడు వినబడలేదంటే చూసుకోండి. ఆఖరి పాట మొదలైంది. పొగ వదిలారు.

శేఖర్ డ్రమ్ముల పక్కనున్న స్టాండు పీకి లేచాడు. మొదటి దెబ్బ షుజాత్ భుజం మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు స్పీకర్లలో వినిపించింది. రెండో దెబ్బకి గిటారు రెండు ముక్కలై షుజాత్ వెల్లకిలా పడ్డాడు. ఇదంతా ఆటలో భాగమనుకుని జనం "ఒన్స్ మోర్!" అని అరిచారు.

"లే! లేచి కొట్టు!" అన్నాడు శేఖర్.

షుజాత్ లేవలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. "నీ ఇష్టం భాయ్," అన్నాడు నోట్లో రక్తంతో.

"ఇప్పుడు తల," అని శేఖర్ స్టాండు పైకెత్తాడు.

అది దిగలేదు. మెడ మీద పిడుగు పడ్డట్టయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. షుజాత్ ఎదురుగానే పడి ఉన్నాడు. నవీన్‌కుమార్ కింద జనంలో తల పట్టుకుని ఉన్నాడు. మరి వెనక నుంచి కొట్టిందెవరు? శేఖర్ అతికష్టం మీద తల తిప్పాడు.

పొగ పలచబడింది. సరిత రెండు చేతులా మైకు స్టాండు పట్టుకుని నిలబడి ఉంది. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

"గిది రెండోసారి," అంది సరిత.