పాత పిస్టన్లు

ఇంజిన్ విప్పి కొత్తగా కట్టించిన ఆరు వందల కిలోమీటర్లకే సులోచన స్కూల్ వ్యాన్ మళ్లీ పట్టేసి ఆగిపోయింది. గ్యారంటీ కింద మళ్లీ చేయకపోతే సోమవారం నుంచి బడి వేరే వ్యాన్ పెట్టుకుంటుంది.

"వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా స్పీడు అరవై దాటించొద్దన్నానా తల్లీ? దాటించావు," అన్నాడు మేస్త్రీ మస్తాన్. "నీ బండినే అడుగు."

"దాటించారండీ," అంది వ్యాన్.

గ్యారంటీ తగాదాల్లో ఇప్పుడు బండి మాటే సాక్ష్యం. అయినా పిస్టన్లన్నీ మార్చాడంటే సులోచన నమ్మలేదు.

"తీసేసిన పాత పిస్టన్లు చూపించన్నా."

మస్తాన్ గోనెసంచి కుమ్మరించాడు. నాలుగుండాలి, మూడే ఉన్నాయి.

"ఒకటి పాత ఇనుములో పోయుంటుందిలే."

సులోచన వ్యాన్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. నాలుగోది మార్చాడా?"

"రిపేరు సంగతులు చెప్పాలంటే చేసిన మేస్త్రీ మస్తాన్ గారి అనుమతి కావాలమ్మా," అంది వ్యాన్.