ఎర్ర అంకె

“డబ్బా లేకుండ కంప్యూటర్ ఏంది తమ్మీ? అంగీ లేకుండ పెండ్లికి పోయినట్టుంటది,” అన్నాడు లక్ష్మయ్య, సామాన్ల చీటీలో నందు కొట్టేసిన చోట వేలు పెట్టి.

లక్ష్మయ్య టీవీలు బాగుచేస్తూ చేస్తూ కంప్యూటర్లలోకి దిగినవాడు. సైదాబాద్‌లోని ఆయన దుకాణానికి నందు పొద్దుటి నుంచి రావడం ఇది మూడోసారి. జేబులో ఉన్నవి నలభై వేలు, పైన రూపాయి లేదు. కంప్యూటర్ ఆట తడబడకుండా ఆడాలంటే గ్రాఫిక్ కార్డు మంచిది కావాలి. దానికే సగానికి పైగా పోతుంది. అందుకని సామానంతా లోపల బిగించే డబ్బా మానేసి, ప్రాసెసర్ చవకది తీసుకుని, దాన్ని కంపెనీ పెట్టిన వేగం హద్దు దాటించి ఉరికించాలని నందు ఎత్తు వేశాడు.

లక్ష్మయ్యకు ఆ ఎత్తు నచ్చలేదు. అట్లా ఉరికిస్తే అది కుంపటిలా కాలుతుందని, మరీ కాలితే దానంతటదే ఆగిపోతుందని చెప్పాడు. ఆ పని తెలిసినవాళ్లు సన్నటి గొట్టాల్లో నీళ్లు తిరిగి చల్లబరిచే సామాను పెట్టుకుంటారట. దాని ధర ఏడు వేలు. నందు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఆశ చావక ఇంకోసారి తిప్పి, బల్ల మీద పెట్టేశాడు.

“డబ్బా లేకుంటే గాలి మంచిగ ఆడుతది గదన్నా. ఉత్త ఫ్యాను చాలు.”

“నీ ఇష్టం. రేపు నన్ను అనొద్దు మల్ల.”

ఆ రేపే నందుకు దడ పుట్టిస్తున్నది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ ఆటలో పోటీలకు దిగే ఒక టీమువాళ్లు ఆన్‌లైన్‌లో పరీక్ష పెట్టారు. గంటసేపు ఆడి మెప్పిస్తే నెలజీతం. డబ్బులిచ్చిన బాపు మొగులయ్యకు లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం. ఇస్తూ ఇస్తూ ఆయన ఒకటే మాట అన్నాడు.

“ఒక్కసారే చూస్త. కాలేదంటే సోమవారం సంది పాల క్యాన్లు మొయ్యాలె. మల్ల ఇంట్ల ఆట పేరెత్తొద్దు.”

మొగులయ్య మాటంటే మాటే. నందు శనివారం రాత్రంతా కూర్చుని మరలు బిగించాడు.

ఆదివారం బోనాలు. ఏడాదికి యాభై రెండు ఆదివారాలుంటే ఆ టీమువాళ్లకు ఇదే దొరికింది. అమ్మ బోనమెత్తుకుంటే బాపు ఆమె వెంట గుడికి పోయాడు. నాయనమ్మ నాగమణమ్మ గడప దగ్గర పీట వేసుకుని, పసుపూ వేపాకూ కలిపిన నీళ్ల బిందె పక్కన పెట్టుకుంది. బోనమెత్తుకుని వచ్చే ఆడవాళ్ల కాళ్ల మీద చెంబుతో ఆ నీళ్లే సాకగా పోసి, అమ్మవారిని చల్లబడమని మొక్కడం ఆ ఇంట్లో ఆమె పని. గల్లీ అంతా డప్పుల మోత.

లోపలి గదిలో బల్ల మీద కంప్యూటర్ పేగులన్నీ బయటపెట్టుకుని నడుస్తున్నది. తెర మీద ఓ మూల ఎర్ర అంకె. ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది. నందు అట్టముక్కతో విసిరాడు. అంకె ఒకటి దిగి రెండు ఎక్కింది. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

మంచినీళ్లకు లోపలికొచ్చిన నాగమణమ్మ మనవడి మొహం చూసి ఆగిపోయింది. ఆ ఎర్ర అంకె ఏందని అడిగింది.

“దాని వేడి నాయనమ్మా. తొంభై అయిదు దాటిందంటే బంద్ అయితది. ఆట నడుమ బంద్ అయిందంటే నా బతుకు పాల క్యాన్లే.”

“చల్లబెట్టరాదు మరి?”

“నీళ్లతోని చల్లబెట్టేది ఉంటది. పైసల్ చాలలే.”

నాగమణమ్మ వాడి తల నిమిరి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పిల్లవాడి కష్టం ఆమెకు అర్థమైంది.

మూడున్నరకు అంకె తొంభై రెండు చూపించింది. వెనక గల్లీలో బసవయ్య ఇంట్లో పెద్ద టేబుల్ ఫ్యాను ఉందని నందుకు గుర్తొచ్చింది. అది పక్కన పెడితే గంటసేపు గట్టెక్కవచ్చు. ఆపకుండా నడిస్తే ఎంతసేపు తట్టుకుంటుందో ఈలోపు తేలుతుందని కంప్యూటర్‌ను నడుస్తూనే ఉంచాడు. దాని మీద ఓ కన్నేసి ఉంచమని, ఎవర్నీ ముట్టుకోనియ్యొద్దని నాయనమ్మకు చెప్పి ఉరికాడు.

పోవడం సులువైంది గాని, రావడం కాలేదు. ఫ్యాను నెత్తిన పెట్టుకుని మలుపు తిరిగేసరికి గల్లీ నిండా జనం, పోతరాజు చుట్టూ ఆడే పోరగాళ్లు. జరుగు భాయ్, జరుగు భాయ్ అంటూ తోసుకుంటూ, తిట్లు తింటూ, నాలుగుకు అయిదు నిమిషాలుండగా గడపలో పడ్డాడు.

పీట ఖాళీగా ఉంది. నాయనమ్మ లోపలి గదిలో బల్ల పక్కనే కాపలా నిలబడింది. కంప్యూటర్ ఫ్యాను తిరిగే రొద లేదు. తెర మీద వెలుగు లేదు.

“నాయనమ్మా, ఏమైంది? ఎవరన్న ముట్టిండ్రా?”

“నేనుండంగ ఎవరు ముడతరు?” నాగమణమ్మ మొహం వెలిగిపోతున్నది. ఖాళీ చెంబు బల్ల మీద పెట్టి, వాడి చెంపలు పుణికింది. “నీళ్లకు గూడ పైసలెందుకు బిడ్డా? ఒక్క చెంబు సాక పోసిన, ఆ ఎర్ర అంకె మొత్తమే పోయింది.”