తాండ్ర ముక్క

గజపతినగరం బస్టాండులో తాండ్ర ముక్క అడిగినందుకు ఆరేళ్ల షారోను చెంప ఛెళ్లుమంది.

"స్కాను అయ్యేదాకా ఏటీ తినకూడదని సెప్పినారు గదే! తీపి తింటే ఫొటోలో నీ కేన్సరు సరిగ్గా కనపడదు," అంది తల్లి ప్రిస్కిల్లా.

కనపడింది. సాయంత్రం విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరు రెండు రకాల స్కాన్లను ఒకే బొమ్మగా కలిపి చూపించాడు. పిల్ల ఎముకల నిండా చుక్కలు వెలుగుతున్నాయి.

"ఇక మందులతో హింస పెట్టొద్దమ్మా. ఇంటికి తీసుకెళ్లి, ఏదడిగితే అది పెట్టండి," అన్నాడు.

తిరిగొచ్చి బస్సు దిగగానే ప్రిస్కిల్లా తాండ్ర కొంది. పొట్లం విప్పి, పెద్ద ముక్క కూతురి నోటికి అందించబోయింది.

షారోను గబుక్కున చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నానేటీ అడగలేదమ్మా!"