చెకర్ హనుమాండ్లు పాట

రెండు పాటలు అయిపోయినా హాల్లో ఒక్కరూ నవ్వలేదు.

పద్మప్రియ హార్మోనియం మీద వేళ్లు ఆపకుండానే తమ్ముడి వైపు చూసింది. డోలక్ ముందు కూర్చున్న అరుణ్‌కుమార్ మొహం చెమటతో తడిసింది.

ఎల్లారెడ్డిలో ఫంక్షన్ హాలు తీసుకుని, జనం ముందే హాస్యపాటలు పాడి, వాళ్ల నవ్వులతో సహా రికార్డు చేసి సీడీ తేవాలని అక్కాతమ్ముళ్ల ఆలోచన.

నవ్వు లేనిదే సీడీ లేదు. సీడీ లేనిదే పగ తీరదు.

పగ, ఈ ఊరి బీడీల కార్ఖానాలో, చుట్టిన బీడీలను పరీక్షించే చెకర్‌గా చేసిన హనుమాండ్లు మీద.

వీళ్లమ్మ సాలవ్వ ఒంట్లో జ్వరం ఉన్నా చుట్టి తెచ్చిన బీడీలను అతను నలుగురి ముందూ నేల మీద కుమ్మరించాడు. గొడ్డు కూడా ముట్టదన్నాడు. పని కార్డు గుంజుకుని వెళ్లగొట్టాడు.

ఆ సాయంత్రం సాలవ్వ మొహం కడుక్కుని, పిల్లల ముందు నిలబడి, హనుమాండ్లు నడకా గొంతూ చేసి చూపించింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత ముగ్గురూ కామారెడ్డికి బతకపోయారు.

అతణ్ని ఈ పిల్లలు కంటితో చూసింది లేదు. అమ్మ చేసి చూపిన హనుమాండ్లే వాళ్లకు తెలుసు. అమ్మ పోయాక ఆ వేషమే పాట అయింది.

ఇక లాభం లేదని ఆ పాటే ఎత్తుకున్నారు.

అరుణ్ లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, బీడీకట్ట తిప్పి చూసి, ఇది బీడీయా చీపురుపుల్లా అంటూ విసిరేశాడు.

బీడీలు చుట్టే ఆడవాళ్లే హాలు నిండా. వాళ్లు ముందు వరస వైపు చూసి తలలు దించుకున్నారు తప్ప ఒక్కరూ పెదవి విప్పలేదు.

ఆ ముందు వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఊతంగా లేచాడు.

“గట్ల కాదు బిడ్డా. పారెయ్యకముందు వాసన జూస్తడు వాడు. జూసి మూతి తిప్పుతడు.”

చేసి చూపించాడు కూడా.

హాలు భళ్లున పగిలింది. కొంగులు నోట్లో కుక్కుకున్నా ఆడవాళ్లకు నవ్వు ఆగలేదు.

పద్మప్రియకు ఒళ్లు మండింది. తన తల్లి కడుపుమంట మీద దారినపోయే ఎవడో చలి కాచుకుంటున్నాడనిపించింది. మైకు దగ్గరికి లాక్కుంది.

“తాగొచ్చి లొల్లి చెయ్యకు తాతా. బయటికి నడువు.”

జనం ఇంకా విరగబడి నవ్వారు. ఇద్దరు కుర్రాళ్లు ఆయన రెక్కలు పట్టుకున్నారు. ఆయన పెనుగులాడలేదు.

“పోత బిడ్డా. మీరు పాట ఆపకుండ్రి.”

ఆ తర్వాత ఏ పాట పాడినా హాలు నవ్వుతూనే ఉంది.

సీడీ తయారవుతున్నప్పుడు ఆ ముసలి గొంతు కోసేయమంది పద్మప్రియ. కుదరదన్నాడు రికార్డింగు చేసినతను. నవ్వంతా ఆ మాట మీదే ఎక్కి కూర్చుందట. దాన్ని తీస్తే నవ్వూ పోతుందట. పళ్లు కొరుక్కుని ఊరుకుంది.

బస్టాండు కొట్ల నుంచి బీబీపేట దాకా ఆ పాట మోగింది. అయినా ఆమెకు చల్లారలేదు. హనుమాండ్లు వినాలి. తన గడప ముందు, ఇరుగుపొరుగు నవ్వుతుండగా వినాలి. అమ్మ తల వంచుకున్నట్టే తల వంచుకోవాలి.

ఇల్లు నాగిరెడ్డిపేటలో అని వాకబు చేసి, ఆటోకు స్పీకరు కట్టించి, తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లింది. వాకిలి ముందు ఆపించి శబ్దం పెంచమంది.

చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. చివరికి ఆ తలుపూ తెరుచుకుంది.

వచ్చింది ఒక ముసలామె. తిట్టలేదు, తలుపు వేసుకోలేదు. గడపలో నిలబడి వింటూ వింటూ, ఒకచోట ఉలిక్కిపడి, గబగబా ఆటో దగ్గరికి వచ్చి స్పీకరు మీద చెయ్యి వేసింది.

“చెకర్ హనుమాండ్లు ఇల్లు గిదేనా అవ్వా?” కటువుగా అడిగింది పద్మప్రియ.

“గిదే. నేను ఆయన పెండ్లాన్ని. అదే మొకం. మీరు సాలవ్వ పిల్లలు గదా?”

అవునంది పద్మప్రియ, ఇంకా కటువుగా. దాక్కోవద్దని చెప్పి ఆయన్ను బయటికి పిలవమంది.

“యాడ దాక్కుంటడు బిడ్డా. పోయిన నెల మన్నుల గలిసిండు.”

అరుణ్ చెయ్యి చాచి పాట ఆపేశాడు. ముసలామె మాత్రం స్పీకరు మీది చెయ్యి తియ్యలేదు.

“గా వాసన జూసుడు మాట ఇంకోపారి పెట్టుండ్రి,” అంది. “మా ఆయన గొంతు గిండ్లనే మిగిలింది.”