రెక్క మందం

నాలుగు కిలోమీటర్లు పోవలసిన ఫిరంగి గుండు రెండున్నరకే చతికిలబడింది. ఇక మిగిలింది ఒక్క పరీక్షే.

ఆయుధాల పరిశోధనశాలలో ఆ గుండు నమూనా గీసింది భర్త, దాన్ని త్రీడీ మిషన్లో అచ్చేసింది భార్య. తోకరెక్కలు పలచగా ఉంటేనే దూరం పోతుందని ఆయన, పలచనైతే విరుగుతాయని ఆవిడ మూడు వారాలు కీచులాడుకున్నారు.

పడ్డ గుండు రెక్క మందాన్ని ఆవిడ కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లుంది!

"మీరు గీసింది రెండేగా?"

"మూడు. నువ్వన్నదే నిజమేమోనని నీతో చెప్పకుండా ఒకటి పెంచాను. మరి నాలుగెలా అయింది?"

ఆవిడ నాలిక కరుచుకుంది. "మీరెటూ వినరని నేనూ చెప్పకుండా ఒకటి కలిపాను. మూడవుతుందనుకున్నా."

ఇద్దరికీ నవ్వాగలేదు. పెళ్లయిన పదేళ్లకి మొదటిసారి, మూడు మిల్లీమీటర్ల దగ్గర, ఇద్దరి మాటా కలిసింది. ఆ సంగతి గుండు పడేదాకా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు, అంతే.